రాతిగట్టునకును సింకునకును నడుమ

మన యిండ్ల వంటగదులలో గడచిన కొన్ని దశాబ్దములలో వచ్చిన మార్పులలో అంతగా చర్చింపబడనిది యొకటి గలదు. పెరటి జాలారునొద్దను నూతిగట్టునొద్దను జరుగుచుండిన కడుగుడు పని యంతయు ఇంటిలోనికి వచ్చి, పొయ్యి ప్రక్కనే రాతిగట్టులో నమర్చిన ఉక్కుతొట్టిలో, అనగా సింకులో, జరుగుట మొదలిడినది. దానితో నీటికిని రాతికిని లోహమునకును నిత్యసహవాసము తప్పనిసరి యయ్యెను. ఈ మూడింటి నడుమ నిలిచియుండునది గోరంత వెడల్పైనను లేని యొక సందు. దానిని నింపు పదార్థమునే వ్యాపారులు సీలెంటు అందురు. గ్రానైటు పలకకు వేలకొలది రూపాయలు వెచ్చించి, దాని రంగును మెఱుగును పలుమార్లు పరికించి కొనువారు సైతము, ఈ సందులో నేమి నింపబడుచున్నదో విచారింపరు. ఆ నిర్ణయము పని ముగియవచ్చిన సాయంకాలమున, దుకాణములో చేతికందిన ట్యూబును బట్టి జరిగిపోవుచున్నది.

సురక్షితమైన సీలెంటు ఏది యని యడిగినవారికి ఒక్క పేరు చెప్పి ఊరకుండుట సులభమే గాని, అది సరియైన సమాధానము కానేరదు. ఏలయనగా, భద్రత యనునది ట్యూబులో నుండు గుణము కాదు. రాతికిని, సింకునకును, పని చేయు చేతులకును, ఆ గట్టుపై వండుకొని తినువారికిని ఆ పదార్థముతో గల సంబంధమునందుండు గుణము. మనుష్యునకు హాని చేయని పదార్థము రాతిని తినివేయవచ్చును. రాతిని కాపాడు పదార్థము పనివాని యూపిరితిత్తులకు కీడు చేయవచ్చును. బూజును చంపు మందు ఆహారమునకు చేరువ నుండదగనిది కావచ్చును. ఇంతియేకాక, ఈ పనిలో జరుగు అనర్థములలో పెక్కింటికి మూలము పదార్థదోషము గాక కర్తవ్యభ్రాంతి యని నా దృఢాభిప్రాయము. నీటిని నిరోధింపవలసిన సీలెంటునకు సింకును మోయు భారమును గూడ ఒప్పగించుటయే ఆ భ్రాంతి. తలుపును మోయునవి బందులు, మూయునది గడియ. గడియపై తలుపును వ్రేలాడదీయుటకు ఏ వడ్రంగియు సాహసింపడు. ఈ రెండు విషయములను దృష్టియందుంచుకొని, వాడుకలోనున్న పదార్థముల నన్నిటిని వరుసగా పరిశీలింతము.

మొదట రాతిని గూర్చి తెలిసికొనవలెను. మన గట్టులపై కానవచ్చు రాళ్ళు రసాయనదృష్టిచే మూడు కుటుంబములుగా విభజింపదగినవి. మొదటిది సున్నపురాతి కుటుంబము. కడప నాపరాయి, నంద్యాల జిల్లాలోని బేతంచర్ల బండ, వికారాబాదు జిల్లాలోని తాండూరు బండ, రాజస్థానమునందలి మక్రానా పాలరాయి యిందులోనివి. వీని ప్రధానద్రవ్యము కాల్షియం కార్బొనేటు. ఆమ్లము తగిలినంతనే ఇది బొగ్గుపులుసు వాయువును విడుచుచు కరగును. చింతపండు పులుసో నిమ్మరసమో ఒలికినప్పుడు వెంటనే తుడువనిచో, నల్లని నాపరాతిపై తెల్లని మచ్చ నిలిచిపోవుట మన గృహిణులందఱును ఎఱిగినదే.

రెండవది గ్రానైటు కుటుంబము. స్ఫటికము, ఫెల్‌స్పారు, అభ్రకము అను ఖనిజముల కూర్పైన యీ రాయి వంటింటి పులుపునకు లొంగదు. కరీంనగరము నుండి వచ్చు గోధుమవన్నె రాయి యిట్టిదే. ప్రకాశం జిల్లా చీమకుర్తి గనులనుండి వెలువడి బ్లాక్ గెలాక్సీ యను పేర దేశదేశములకు పోవు నల్లరాయి, ఖనిజశాస్త్రరీత్యా గాబ్రో జాతికి చెందినదైనను, వ్యాపారమున గ్రానైటుగనే చెల్లుచున్నది. ఆమ్లమునకు లొంగకున్నను గ్రానైటునందు సూక్ష్మరంధ్రములు గలవు. లేతవన్నె రకములు నూనెను పీల్చికొని నల్లబడుటకు కారణమదియే. మూడవది స్ఫటికపు పొడిని పాలియెస్టరు రెజినుతో కలిపి కర్మాగారమున పోతపోసిన కృత్రిమశిల. బరువులో తొంబది శాతమునకు పైగా ఖనిజమే యుండు నీ పలక నీటిని దాదాపు పీల్చనే పీల్చదు గాని, అందలి రెజిను మిక్కుటమైన వేడికిని తీవ్రద్రావకములకును ఓర్వజాలదు.

రాయి యే కుటుంబమునకు చెందినదో తెలియనప్పుడు ప్రయోగశాలకు పోనక్కఱలేదు. సింకు కొరకు కోసి తీసిన ముక్క ప్రతి యింటను ఉండును. దానిని పాఱవేయక దాచవలెను. దానిపై ఒక నీటిబొట్టు వేసి పది నిమిషములు వేచిచూచినచో, ఆ చోటు నల్లబడిన యెడల రాయి పీల్చునదని తెలియును. నిమ్మరసపు బొట్టు క్రింద మెఱుగు చెడినయెడల అది సున్నపు జాతియని తేలును. ఈ రెండు బొట్టులు చెప్పు సంగతిని ఏ విక్రేతయు చెప్పజాలడు.

ఇక సింకు సంగతి. దానిని బిగించు పద్ధతులు ముఖ్యముగా రెండు: అంచు రాతిపై ఆనునట్లు పైనుండి దించుట యొకటి, గట్టు అడుగున అంచును రాతికి అదిమి బిగించుట మఱియొకటి. మొదటి పద్ధతియందు భారమును రాయియే మోయును గనుక సీలెంటునకు నీటిని ఆపుట తప్ప వేఱు పని లేదు. రెండవ పద్ధతి చూపునకు సొంపైనది, తుడుచుటకు సుకరమైనది. కాని యిందు తొట్టి యంతయు వ్రేలాడుచుండును. అఱువది సెంటీమీటర్ల పొడవు, నలువదియైదు సెంటీమీటర్ల వెడల్పు, ఇరువది సెంటీమీటర్ల లోతు గల తొట్టి నిండినప్పుడు అందు 54 లీటర్ల నీరుండును; అనగా 54 కిలోల బరువు. దీనికి తొట్టి బరువును, నానవేసిన యిత్తడి గిన్నెల బరువును కలుపుకొనవలెను. ఇంతటి భారమును రాతికిని ఉక్కునకును నడుమనున్న పలుచని జిగురుపొర ఏండ్లతరబడి మోయునని నమ్ముట వివేకము కాదు. అడుగున ఇనుపపట్టీలో, గోడకు దిగవేసిన రాతికమ్ములో, కొయ్య చట్రమో ఉండి తీరవలెను.

భారముతోపాటు చలనమును గూడ లెక్కింపవలెను. అన్నము వార్చిన గంజి సలసల కాగుచు సింకులో పడినప్పుడు ఉక్కు వెంటనే వేడెక్కును, రాయి వేడెక్కదు. స్టెయిన్‌లెస్ ఉక్కు ఒక్కొక్క డిగ్రీకి పదిలక్షలలో పదునేడు వంతులు వ్యాకోచించును గనుక, అఱువది సెంటీమీటర్ల తొట్టి 50 డిగ్రీలు వేడెక్కినచో ఇంచుమించు అర మిల్లీమీటరు సాగును. చల్లారగనే మరల ముడుచుకొనును. నిత్యము జరుగు నీ సాగుడును ముడుగుడును సహింపగల మెత్తదనము సందులోని పదార్థమునకు లేనియెడల, అది యెంత గట్టిదైన అంత త్వరగా అంచునుండి విడివడును. ఇచ్చట కాఠిన్యము బలము కాదనియు, స్థితిస్థాపకతయే బలమనియు గ్రహింపవలెను.

ఈ వెలుగులో వాడుకలోని పదార్థములను చూతము. మన మేస్త్రీలు తరతరములుగా నమ్మినది తెల్ల సిమెంటు. అది చౌక, గట్టిపడిన పిదప విషరహితము, రాతితో కలిసిపోవునది. కాని సాగునది కాదు. ఉక్కు అంచున కొలది మాసములకే వెండ్రుకవాసి చీలిక పుట్టును; ఆ చీలికలో నీరు నిలిచి, అడుగున అలమరలోని చెక్క ఉబ్బును. రాతికిని గోడకును నడుమ నది పనికివచ్చును గాని రాతికిని సింకునకును నడుమ పనికిరాదు.

పాశ్చాత్యదేశములలో కొళాయి పనివారు చిరకాలము వాడిన లప్పము, సుద్దపొడిని అవిసెనూనెతో ముద్దచేసినది. పింగాణీపైనను ఉక్కుపైనను దీని వలన చిక్కు లేదు. రాతిపై మాత్రము అందలి నూనె మెల్లగా రంధ్రములలోనికి దిగి, తూము చుట్టును సింకు చుట్టును నల్లని వలయమును ఏర్పఱచును. ఆ మరక పైన కడిగినంత మాత్రమున పోవునది కాదు. రాతిగట్టున్న యింట దీనిని తూము బిగింపునకు సైతము వాడకుండుట మంచిది. నీటితో పలుచబడు ఆక్రిలిక్ లప్పము వాసన లేనిది, చేతికి సుఖమైనది. కాని నిరంతరము తడియుండు చోట నిలువదు.

ఎపాక్సీ కథ వేఱు. 1930లలో స్విట్జర్లాండునందు పియెర్ కాస్టాన్ మొదలైనవారి పరిశోధనలనుండి జనించిన యీ రెజిను, రెండు భాగములు కలిసినప్పుడు గట్టిపడి మిక్కిలి కాఠిన్యమును పొందును. రాతిపలకలను ఒండొంటితో అతుకుటకును, బిగింపు మేకులను రాతిలో నాటుటకును దీనికి సాటి లేదు. రాతిపనివారు వాడు పాలియెస్టరు జిగురును ఈ తెగకు చేర్చి చెప్పవచ్చును. అయితే ఈ గట్టిదనమే ఉక్కు అంచున దోషమగును. పైన జెప్పిన అర మిల్లీమీటరు చలనమును అది సహింపజాలదు. ఎపాక్సీయే శాశ్వతమనియు, మెత్తని పదార్థము నమ్మదగినది కాదనియు రాతిపనివారిలో కొందఱు వాదింతురు. వారు చూచునది భారమును. ఆ దృష్టితో వారి మాట యథార్థమే. భారమును పట్టీలకప్పగించిన పిదప సందులో కాఠిన్యముతో పని యేమియు మిగులదు. ఆ సందును ఎపాక్సీతో నింపినచో, సింకు చెడిన నాడు రాతిని పగులగొట్టక దానిని తీయుట దుస్సాధ్యమగుననియు మఱువరాదు.

పాలియురేతేను 1937లో జర్మనీయందు ఓటో బాయర్ బృందము కనుగొనినది. అంటుకొనుటయందును సాగుటయందును మేలైన పదార్థమే గాని, గట్టిపడక ముందు అందుండు ఐసోసయనేటులు శ్వాసకోశమును రేపి ఉబ్బసమునకు దారితీయగలవు. ఎండ తగులు కిటికీ చెంత దీని రంగు పసుపు వాఱును. ఐసోసయనేటు లేకయే అదే స్వభావమును సాధింపవలెనను ప్రయత్నముయొక్క ఫలమే సైలేను తోకలు తగిలించిన పాలిమరులు. 1970ల చివర జపానుదేశపు కనేకా సంస్థ విపణికి తెచ్చిన యీ తెగను నేడు ఎం.ఎస్. పాలిమరు, హైబ్రిడ్ అను పేరులతో విక్రయించుచున్నారు. ఆమ్లమును విడువక గట్టిపడునవి గనుక ఇవియు పరిశీలింపదగినవే. వేడికిని ఎండకును ఓర్చుటలో మాత్రము సిలికోను వీనికంటె మిన్న.

సిలికోను చరిత్ర మనోహరమైనది. ఇంగ్లండునందలి నాటింగ్‌హామున ఫ్రెడరిక్ కిప్పింగ్ అను రసాయనశాస్త్రవేత్త ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో సిలికాను, కర్బనముల సంయోగములను ఓపికతో పరిశోధించెను. వానినుండి లోకమునకు పెద్ద ప్రయోజనము కలుగునని ఆయన ఆశింపలేదు. 1940లో అమెరికాయందు జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో యూజీన్ రోచో వీనిని సులభముగా తయారుచేయు మార్గమును కనుగొనుటతో పరిశ్రమ పుట్టెను. గాలిలోని తేమను తీసికొని తనంత తాను రబ్బరుగా మాఱు సిలికోను తరువాతికాలమున వచ్చి, నేడు వంటింటి సందులకు ప్రధానావలంబమైనది. సాగుటయందు దీని సామర్థ్యమును ప్రమాణసంస్థలు శాతములలో చెప్పును. 25వ తరగతి సీలెంటు తన వెడల్పులో నాలుగవ వంతు సాగుటకును ముడుగుటకును ఓర్చును. మూడు మిల్లీమీటర్ల సందున నిది ముప్పాతిక మిల్లీమీటరు. పైన లెక్కించిన చలనమునకు చాలును.

అయినను సిలికోనులన్నియు ఒక్కటి కావు. ఈ సమీక్షకు ప్రాణభూతమైన భేద మిచ్చటనే యున్నది. చౌకగా దొరకునవి చాల వఱకు గట్టిపడునప్పుడు ఎసిటిక్ ఆమ్లమును విడుచును. ట్యూబు విప్పగనే ముక్కున కెక్కు పుల్లని వాసన దీని గుఱుతు. గాజుపై నివి శ్రేష్ఠములు. బూజుమందు కలపని రకము పూర్తిగా ఆఱిన పిదప చేపలతొట్టెలకు సైతము నిరపాయముగా వాడబడుచున్నది. కాని నాపరాతిపైనను పాలరాతిపైనను ఆ ఆమ్లము రాతినే తిని, అంటుకొనవలసిన తలమును పొడిగా మార్చును. పట్టు సడలుటయే కాక అంచు వన్నె చెడును. రాగి, యిత్తడి, గాల్వనైజు చేసిన యినుము మొదలగువానిని గూడ తుప్పుపట్టించును; సింకు అడుగున నుండు పట్టీలు పెక్కుసారులు ఇట్టి లోహములవే. ఆమ్లమునకు బదులు ఆల్కహాలునో ఆక్సైమునో విడుచు తటస్థ సిలికోను ఈ దోషము లేనిది. రాతిగట్టునకు తగినది తటస్థ సిలికోనే యని నిస్సంశయముగా చెప్పవచ్చును.

తటస్థమైనంత మాత్రమున పని ముగియలేదు. సిలికోనును మెత్తపఱచుటకు కలిపిన నూనెలు కొన్ని రకములలో రసాయనముగా బంధింపబడక, నెలలు గడచిన కొలది రాతిలోనికి పాకి, అంచువెంట చెమ్మగిలినట్టు నల్లని చారను నిలుపును. పెద్ద భవనముల రాతిముఖములపై ఈ మరకలు కనబడిన పిదపనే దీనిపై శ్రద్ధ పెరిగినది. ఏ.ఎస్.టి.ఎం. సి1248 అను అమెరికా ప్రమాణము రంధ్రములు గల రాతిపై మరకను పరీక్షించు పద్ధతిని నిర్దేశించుచున్నది. ట్యూబుపై తటస్థమను మాటతోపాటు రాతికి మరక పట్టనిదను హామీ యున్నదో లేదో చూడవలెను. లేతవన్నె గ్రానైటునకును పాలరాతికిని ఇది యత్యావశ్యకము. నల్లని చీమకుర్తి రాతిపై మరక కానరాదు గనుక అంత పట్టింపు అక్కఱలేదు.

ఇప్పుడు మనుష్యుని గూర్చి. మొదటి బాధితుడు పనివాడు. సింకు కొరకు రాతిని పొడిగా కోసినప్పుడు లేచు ధూళిలోని స్ఫటికరేణువులు సిలికోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధికి కారణములు. స్ఫటికము మిక్కిలిగా నుండు కృత్రిమశిలను ఆస్ట్రేలియా 2024 జులై 1 నుండి నిషేధించుటకు హేతువిదియే. కోతపని నీరు పోయుచు జరుగునట్లు చూచుట గృహస్థుని ధర్మము. పచ్చి ఎపాక్సీ చర్మమునకు సోకినచో దీర్ఘకాలపు ఎలర్జీ పుట్టవచ్చును. తటస్థ సిలికోనులలో ఆక్సైము రకము విడుచు మిథైల్ ఇథైల్ కీటాక్సైమును, క్యాన్సరు కారకమని భావింపదగిన పదార్థముగా ఐరోపా సమాఖ్య వర్గీకరించినది. ఆ వర్గీకరణము 2022 మార్చి నుండి అమలులోనున్నది. ఒక్క సింకునకు పట్టు పరిమాణము స్వల్పమే గాని, దినదినము ఈ పనియే చేయువాని విషయమున స్వల్పమనరాదు. ఆల్కహాలును విడుచు ఆల్కాక్సీ రకము దొరకుచుండగా ఆక్సైము రకమును కోరనేల? ఆల్కాక్సీయు కొలదిగా మిథనాలును విడుచును. కావున కిటికీలు తెఱచి, చేతులకు నైట్రైలు తొడుగులు ధరించి పని చేయుట అన్నిటికిని వర్తించు నియమము.

ఇంటివారి విషయమున ముఖ్యమైనది బూజుమందు. స్నానశాలలకని అమ్ము శానిటరీ సిలికోనులలో శిలీంధ్రనాశకములు కలుపుదురు. అవి క్రమక్రమముగా పైకి ఊరి బూజును ఆపును. ఊరునవి గనుకనే ఆహారము తగులుచోట అట్టివానిని వాడరాదని పెక్కుమంది తయారీదారులు తమ పత్రములలోనే హెచ్చరింతురు. మన వంటింట గట్టుపైననే పిండి కలుపుదుము, ఆకుకూరలు ఆఱవేయుదుము. సింకు అంచు ఆహారమునకు దూరమని చెప్పుటకు వీలు లేదు. కావున బూజుమందు లేనిదియు, ఆహారస్పర్శకు తగినదని అమెరికా ఆహార, ఔషధ శాఖవారి 177.2600 నియమమునో, ఎన్.ఎస్.ఎఫ్. 51 ప్రమాణమునో అనుసరించినట్లు ప్రకటించినదియు మేలు. అట్టిది దొరకని చోట బూజుమందు లేని తటస్థ సిలికోనును ఎన్నుకొని, అంచును ప్రతిరాత్రి పొడిగా తుడుచుట ఉత్తమము. సబ్బుజిడ్డు నిలువని చోట బూజునకు ఆహారముండదు.

ఎంతటి మంచి పదార్థమైనను పద్ధతి తప్పినచో వ్యర్థమగును. నాపరాతికి మెఱుగు కొరకు నూనె పూయు అలవాటు మనవారిలో నున్నది. ఆ నూనెపై ఏ సీలెంటును అంటదు. రాతి రంధ్రములను మూయుటకు పూయు రసాయనములును పట్టును తగ్గింపవచ్చును గనుక, అంచున వానిని సీలెంటు ఆఱిన పిదపనే పూయుట క్షేమము. తలమును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, పూర్తిగా ఆఱనీయవలెను. దాచియుంచిన రాతిముక్కపై సీలెంటును ఒక చార గీచి, కొన్ని వారములపాటు విడిచినచో, పట్టును మరకయు రెండును ఒక్కమాఱే తెలియును.

సిలికోను పైనుండి లోనికి, దినమునకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున గట్టిపడును. లోతునకు పోయిన కొలది యింకను మందగించును. సింకు అంచునకు వెడల్పున రెండు సెంటీమీటర్లు పులిమి అదిమినచో, నడుమనున్నది గాలి సోకక వారము దాటినను పచ్చిగనే యుండవచ్చును. అందువలన నీటివైపు అంచున సన్నని ధారను ఎడతెగక వేయుటయే తగును. పట్టీల బిగింపు దానికి ముందే సిద్ధమై యుండవలెను. ఒక దినము గడువక నీరు పోయరాదు. కొలది దినములవఱకు భారమును మోపరాదు. పాత సిలికోనుపై క్రొత్తది సరిగా అంటదు గనుక, మరమ్మతు నాడు పాతదానిని ప్లాస్టిక్ పలకతో గీకి తీయవలెను. సిలికోనును కరగించునని చెప్పి అమ్ము ద్రావకములలో కొన్ని ఆమ్లములు గనుక నాపరాతికి తగవు.

ఈ విచారమునుండి తేలిన నిర్ణయములు సంగ్రహముగా నివి. నాపరాతికిని పాలరాతికిని బూజుమందు లేని, మరక పట్టించని ఆల్కాక్సీ తటస్థ సిలికోను తప్ప మఱియొకటి తగదు. గ్రానైటునకు అదియే యుత్తమము; లేతవన్నె రాతికి మరక పరీక్ష తప్పనిసరి. కృత్రిమశిలకు తటస్థ సిలికోనో హైబ్రిడ్ పాలిమరో చాలును. ఎపాక్సీని మేకులు నాటుటకును రాతిని రాతితో అతుకుటకును వాడవలెను గాని, ఉక్కునకును రాతికిని నడుమ కాదు. లప్పమును, తెల్ల సిమెంటును, పుల్లని వాసన గల సిలికోనును సింకు అంచునకు దూరముగా నుంచవలెను.

ఇంటివారు ఇన్ని సంగతులు తెలిసికొన్నను, ట్యూబుపైని అచ్చు ఆంగ్లమున, అదియును చీమతలకాయంత యక్షరములలో నున్నంతకాలము, పని చేయువానికి దానివలన లాభము లేదు. రాతిరకమును, విడుచు వాయువును, ఆహారస్పర్శ యోగ్యతను తెలుపు మూడు పంక్తులు తెలుగున ముద్రించుట తయారీదారులకు భారము కానేరదు. ఐ.టి.ఐ.లలో కొళాయిపని నేర్పువారు, సింకు బిగింపు పాఠమున రాతిని పరీక్షించు ఆ రెండు బొట్టుల విధానమును, ఆమ్ల, తటస్థ సిలికోనుల భేదమును చేతిపనిగా చేయించి చూపవలెను. గృహస్థు తన వంతుగా, రాతికి బేరమాడునప్పుడే పట్టీలకును, మంచి సీలెంటునకును, పనివాని చేతితొడుగులకును ప్రత్యేకముగా డబ్బు కేటాయింపవలెను. పలక ధరలో అది మిక్కిలి స్వల్పభాగము. రాతి యాయువును పనివాని యారోగ్యమును దానిపై నాధారపడియున్నవి గనుక, ఆ స్వల్పభాగమున పొదుపు చేయుట ఎంతమాత్రము తగదు.